గ్యాస్ మాత్రలతో వచ్చిన కుర్రవాడు: ఒక కేస్ స్టడీ

ఈ కేసు రాయడానికి ఆ అబ్బాయి ఒప్పుకున్నాడు. రాసింది చదివి కొన్ని చోట్ల మార్చమన్నాడు, మార్చాను. పేరు, ఊరు, కాలేజీ ఇవ్వడం లేదు. ఇంటి వివరాల్లో కూడా గుర్తుపట్టే వీలున్నవాటిని మార్చాను. తోటి కౌన్సెలర్లకు, వార్డెన్లకు, పిల్లల్ని హాస్టల్లో ఉంచి చదివిస్తున్న తల్లిదండ్రులకు పనికొస్తుందని రాస్తున్నాను.

ఎలా వచ్చాడు

వయసు పంతొమ్మిది. విజయవాడ శివార్లలో ఒక ఇంజినీరింగ్ కాలేజీలో బీటెక్ రెండో సంవత్సరం, సీఎస్ఈ. కాలేజీ దగ్గర్లోనే ప్రైవేటు హాస్టల్, గదికి నలుగురు. సొంతూరు చిలకలూరిపేట వైపు. తండ్రి సొంత పొలంతో పాటు కొంత కౌలుకు తీసుకుని మిర్చి, పత్తి వేస్తాడు. అక్కకు పెళ్లయింది. ఇంట్లో అమ్మానాన్న, నాయనమ్మ.

నవంబరు మొదట్లో గుంటూరు కొత్తపేటలోని ఒక ఫిజీషియన్ నా దగ్గరికి పంపారు. అప్పటికి మూడు నెలలుగా కడుపులో మంట, తిన్నది అరగకపోవడం, రాత్రిళ్లు గుండె దడ. విజయవాడలో ఒకచోట, గుంటూరులో ఒకచోట చూపించారు. ఎండోస్కోపీ చేశారు, ఈసీజీ తీశారు, థైరాయిడ్, హిమోగ్లోబిన్ చూశారు. ఏమీ తేలలేదు. పరగడుపున వేసుకోవాల్సిన గ్యాస్ మాత్ర మాత్రం ప్రతి చీటీలోనూ ఉంది.

తండ్రీకొడుకులు కలిసి వచ్చారు. తండ్రి చేతిలో బట్టల షాపు కవరు, దాన్నిండా రిపోర్టులు. ఆయన మొదలుపెట్టింది కడుపు సంగతితో కాదు. కాలేజీ నుంచి ఫోన్ వచ్చిందట. అటెండెన్స్ 61 శాతమే ఉంది, ఇలాగే ఉంటే డిటెయిన్ అవుతాడని చెప్పారట. "ఎప్పుడు ఫోన్ చేసినా బాగానే ఉన్నా నాన్నా, తిన్నా నాన్నా అంటాడు మేడమ్. చూస్తే కాలేజీకే పోవట్లేదంట. వీడికి మేం ఏం తక్కువ చేశామండీ?" అన్నాడు. కొడుకు తలెత్తకుండా చెప్పు కొనతో నేల మీద గీస్తూ కూర్చున్నాడు.

తండ్రిని బయట కూర్చోమని చెప్పి విడిగా మాట్లాడాను. పద్దెనిమిది దాటినవాళ్ల విషయంలో నా పద్ధతి ఇదే, ఫీజు కట్టేది ఎవరైనా సరే. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 23వ సెక్షన్ గోప్యతను హక్కుగా ఇచ్చింది. ప్రాణానికి ముప్పు ఉందనిపిస్తే తప్ప అతను చెప్పింది మీకు చెప్పను అని తండ్రికి ముందే అన్నాను. ఆయన కాస్త చిన్నబుచ్చుకున్నాడు గానీ లేచి వెళ్లాడు.

ఆ గంటలో ఒంటరితనం అన్న మాట అతని నోటి నుంచి రాలేదు. నిద్ర పట్టట్లేదు, తిండి సయించట్లేదు, చదివింది బుర్రకెక్కట్లేదు, అంతే. మన వైపు పిల్లల్లో చాలామంది మనసు బాగాలేదని రారు. గ్యాస్, తలనొప్పి, మెడ పట్టేయడం, జుట్టు రాలడం, వీటితో వస్తారు. ఇంట్లో చెప్పుకోగలిగిన జబ్బులు అవే మరి. అందుకే ఇలాంటి రిఫరల్ రాసిన ఫిజీషియన్లంటే నాకు గౌరవం. ఇంకో స్కాన్ రాసేయడం తేలికైన పని.

నిన్న ఏం చేశావు?

ఎవరొచ్చినా నిన్నటి రోజును గంట గంటకూ చెప్పమంటాను. "ఎలా ఉంటోంది" అని అడిగితే "బానే ఉంది మేడమ్" అన్న జవాబు వస్తుంది. నిన్న ఎన్నింటికి లేచావు అంటే మాత్రం సరైన జవాబు చెప్పాల్సిందే.

పదకొండు దాటాక లేచాడు. గదిలో ఎవరూ లేరు. అప్పటికే రెండు పీరియడ్లు పోయాయి. మధ్యలో వెళ్తే క్లాసంతా తిరిగి చూస్తుందని మిగతావీ మానేశాడు. మెస్‌లో మధ్యాహ్నం భోజనం రెండింటి వరకే. రెండుకు పది నిమిషాల ముందు కిందికి దిగాడు. కూర అయిపోయింది, సాంబారు అడుగున ఉంది. కంచం గదికి తీసుకెళ్లకూడదన్నది రూలు. అయినా తువ్వాలు కప్పుకుని తెచ్చుకుని, మంచం మీద కూర్చుని సగం తిన్నాడు. సాయంత్రం దాకా ఫోన్‌లో రీల్స్. గదిలో వాళ్లు నాలుగున్నరకు వచ్చే చప్పుడు వినగానే ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

"ఏం పాటలు వింటావు?"

"ఏమీ పెట్టను మేడమ్."

"మరి ఇయర్‌ఫోన్స్ ఎందుకు?"

కొంచెంసేపు ఆగి చెప్పాడు. "పెట్టుకుంటే ఎవరూ పలకరించరు. పెట్టుకోకపోయినా పలకరించరు. పెట్టుకుంటే ఆ సంగతి తెలియదు కదా."

ఎనిమిదిన్నరకు అమ్మ ఫోన్. టెర్రస్ మీద వాటర్ ట్యాంకు పక్కన నిలబడి మాట్లాడతాడు, గదిలో వాళ్లు వినకుండా. "తిన్నావా?" "తిన్నా." "కాలేజీకి పోయావా?" "పోయా." రెండు నిమిషాల్లో అయిపోతుంది. రద్దీ తగ్గాక తొమ్మిదిన్నరకు భోజనం. నిద్ర పట్టేసరికి తెల్లవారుజామున మూడు.

నలుగురున్న గది, రెండు వందల మంది ఉన్న హాస్టల్. ఆ రోజు మొత్తం మీద అతను ఎదురుగా నిలబడి మాట్లాడిన మనిషి మెస్‌లో వడ్డించే ఆమె ఒక్కతే. అదీ "అన్నం అయిపోయింది బాబూ, పెరుగుందేమో చూస్తా" అని ఆమె అంటే, ఇతను తలూపాడు.

వెనక కథ

పదో తరగతి వరకు ఇంటి దగ్గర్నుంచే స్కూలుకు వెళ్లాడు. ఇంటర్ రెండేళ్లు రెసిడెన్షియల్ కాలేజీలో. పొద్దున ఐదుకు బెల్లు, రాత్రి పదిన్నర వరకు స్టడీ అవర్లు, ఆదివారం కూడా పరీక్ష. పక్కన ఎవరు కూర్చోవాలో మార్కుల లిస్టు చెబుతుంది. లిస్టు మారితే సెక్షన్ మారుతుంది, పక్కవాడూ మారతాడు. అప్పట్లో ఫ్రెండ్స్ ఉన్నారా అని అడిగితే "ఉన్నారు మేడమ్, బెడ్ పక్కవాళ్లు" అన్నాడు. వాళ్లలో ఒక్కరి నంబరు కూడా అతని దగ్గర లేదు.

ఈఏపీసెట్‌లో అనుకున్న ర్యాంకు రాలేదు. అతనికి ఈఈఈ, అంటే ఎలక్ట్రికల్ బ్రాంచి, ఇష్టం. ఇంట్లో, చుట్టాల్లో అందరూ సీఎస్ఈ అన్నారు. మేనేజ్‌మెంట్ కోటాలో చేర్చారు. దానికోసం తండ్రి అప్పు చేశాడని తెలుసు, ఎంతో తెలియదు. మొదటి ఏడాది ప్రతి శనివారం ఇంటికి వచ్చేసేవాడు. రెండు సబ్జెక్టులు పోయాక, వారం వారం తిరుగుడు వద్దు, అక్కడే ఉండి చదువుకో అని తండ్రి గట్టిగా చెప్పాడు. ఆయన లెక్కలో అది కొడుకు మంచికే. కానీ వారానికి ఒకటిన్నర రోజు మనుషుల మధ్య గడిపే కుర్రవాడికి అది కూడా పోయింది.

ఆగస్టు 15 సెలవుకు గదిలో మిగతా ముగ్గురూ సూర్యలంక బీచ్‌కు వెళ్లారు. ఇతనికి ఆ సంగతి వాట్సాప్ స్టేటస్‌లో తెలిసింది. ఆ రాత్రి నుంచే వాళ్లతో కలిసి మెస్‌కు వెళ్లడం మానేశాడు. కడుపు మంట మొదలైంది కూడా ఆ రోజుల్లోనే.

ఇక్కడ నా అభిప్రాయం ఒకటి చెప్పాలి. బీటెక్ మొదటి, రెండో సంవత్సరాల పిల్లల దగ్గర ఇదే కథ నాకు పదే పదే వినిపిస్తుంది. పదిహేను నుంచి పదిహేడేళ్ల మధ్య పిల్లలు స్నేహం ఎలా నేర్చుకుంటారు? ఏ పనీ లేకుండా ఒకరి పక్కన ఒకరు కూర్చుని. గొడవపడి, మూడు రోజులు మాట్లాడుకోకుండా ఉండి, ఎవరో ఒకరు ముందు పలకరించి. దానికి ఖాళీ సమయం కావాలి. ఈ పిల్లలకు ఆ రెండేళ్లలో అది దొరకదు. బీటెక్‌లో చేరగానే సాయంత్రం నాలుగున్నర తర్వాత బెల్లు ఉండదు. రాత్రి వరకు ఆరు గంటల ఖాళీ. దాన్ని ఏం చేసుకోవాలో ఎవరూ నేర్పలేదు. "ఇంటర్‌లో అంత కష్టం తట్టుకున్నాడు, ఇప్పుడేమొచ్చింది?" అని తల్లిదండ్రులు అడుగుతారు. అప్పుడు తట్టుకోలేదండీ, తట్టుకోలేకపోతున్నానని తెలుసుకునే తీరిక లేదు.

అంచనా

పీహెచ్‌క్యూ-9 అనే తొమ్మిది ప్రశ్నల పట్టికలో 27కు 17 వచ్చింది. 15 నుంచి 19 మధ్య ఉంటే కుంగుబాటు తీవ్రం వైపు మొగ్గినట్టు లెక్క. ఆందోళనను కొలిచే జీఏడీ-7లో 21కి 12. ఒంటరితనానికి యూసీఎల్ఏ స్కేలు వాడాను. అందులో అతి తక్కువ 20, అతి ఎక్కువ 80, ఇతనికి 59. ఆ ప్రశ్నలను నేనే తెలుగులో వివరించి అడిగాను కాబట్టి ఆ అంకెను ఇతరులతో పోల్చను. ఇదే అబ్బాయి తర్వాత ఎలా ఉన్నాడో చూడటానికి మాత్రం పనికొస్తుంది.

పీహెచ్‌క్యూ తొమ్మిదో ప్రశ్న చావు ఆలోచనల గురించి. "కొన్ని రోజులు" అని టిక్కు పెట్టాడు. కాగితం మీద టిక్కుతో వదిలేయకూడదు, నోటితో అడగాలి. అడిగితే లేనిపోని ఆలోచన పుట్టిస్తామేమోనని చాలామందికి భయం. అలా పుట్టదు. పైగా ఎవరో ఒకరు అడిగారన్న ఊరట ముఖంలో కనిపిస్తుంది. "రాత్రి పడుకునేటప్పుడు పొద్దున లేవకపోతే బాగుండు అనిపిస్తుంది మేడమ్. ఏదో చేసుకోవాలని కాదు" అన్నాడు. ఎలా, ఎప్పుడు అన్న ప్రణాళిక లేదు. గతంలో ప్రయత్నమూ లేదు. ఆపుతున్నదేమిటంటే, "నాయనమ్మ."

అమెరికాలో స్టాన్లీ, బ్రౌన్ అనే ఇద్దరు తయారుచేసిన సేఫ్టీ ప్లాన్ పద్ధతిలో ఒక పేజీ రాసుకున్నాం. ఆలోచన ముదురుతోందని ఎలా గుర్తుపడతాడు, అప్పుడు తనంతట తాను ఏం చేయగలడు, ఎక్కడికి వెళ్లగలడు, ఎవరికి ఫోన్ చేస్తాడు, అప్పటికీ తగ్గకపోతే ఏ డాక్టరు, ఏ నంబరు. నంబర్ల దగ్గర టెలీ మానస్ 14416 రాశాను. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న మొదలుపెట్టిన ఉచిత సేవ ఇది. పగలూ రాత్రీ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు. పేజీని ఫోన్‌లో ఫొటో తీసుకున్నాడు. ఫోన్ చేయాల్సిన మనుషుల వరుసలో ఏ పేరు రాయాలో చాలాసేపు తేల్చుకోలేకపోయాడు. చివరికి అక్క పేరు, దాని కింద గదిలో ఒకబ్బాయి పేరు రాశాడు. రెండు రోజులు ఫోన్ ఎత్తకపోతే నేను ఆ అబ్బాయికి ఫోన్ చేయవచ్చని కూడా ఒప్పుకున్నాడు.

ఆ పేజీలో చివరి అంశం, ప్రమాదకరమైనవి అందుబాటులో లేకుండా చేయడం. సేద్యం చేసే ఇళ్లలో దీన్ని అడగకుండా వదలకూడదు. "పొలానికి కొట్టే మందు డబ్బాలు ఎక్కడుంటాయి?" అంటే "వసారాలో, బస్తాల వెనక" అన్నాడు. అతని అనుమతితోనే తండ్రిని లోపలికి పిలిచి ఈ ఒక్క విషయం చెప్పాను. ఆయన ఏమీ అడగలేదు. కాసేపు కొడుకు వైపే చూసి, "ఈ రాత్రికే తీసేస్తా" అన్నాడు. మోటారు షెడ్డులోకి మార్చి, తాళం వేసి, తాళంచెవి భార్యకు ఇచ్చానని మర్నాడు ఫోన్ చేసి చెప్పాడు. ఇంట్లో ఎవరికీ ఏ బాధా లేకపోయినా మందు డబ్బాలు ఉండాల్సిన చోటు అదే.

ఒంటరితనం రోగనిర్ధారణ కాదు. కేసు షీటులో రాసింది మధ్యస్థాయి డిప్రెషన్, దానితో పాటు ఆందోళన. ఒంటరితనం వల్ల డిప్రెషన్ వచ్చిందా, డిప్రెషన్ వల్ల ఒంటరి అయ్యాడా అని తండ్రి అడిగాడు. ఇతని విషయంలో రెండూ ఒకదాన్నొకటి పెంచుకుంటూ వచ్చాయి. షికాగో యూనివర్సిటీలో జాన్ కాసియోపో అనే శాస్త్రవేత్త ఏళ్ల తరబడి ఒంటరితనం మీద పనిచేశాడు. ఒంటరిగా ఉన్న మనసు ఎదుటివాళ్ల నుంచి తిరస్కారం వస్తుందేమోనని ఎప్పుడూ కాచుకుని ఉంటుందన్నది ఆయన పరిశోధనలో ముఖ్యమైన మాట. మామూలు చూపు కూడా దానికి ఈసడింపులా కనిపిస్తుంది. అలా కనిపించగానే మనిషి ఇంకాస్త వెనక్కి తగ్గుతాడు. ఎదుటివాళ్లు కూడా "వీడికి మనం అక్కర్లేదు" అనుకుని వదిలేస్తారు.

మాత్రలు, ఇంట్లో వాళ్ల భయాలు

నేను సైకాలజిస్టును, మందులు రాయను. సైకియాట్రిస్ట్ చూసి ఎస్సిటాలోప్రామ్ అనే డిప్రెషన్ మందును 5 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి 10కి పెంచారు. గుణం కనిపించడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుందని, మొదటి వారం వికారంగా ఉండొచ్చని ముందే చెప్పారు. పాతికేళ్ల లోపు వాళ్లలో ఈ తరగతి మందులు మొదలుపెట్టిన కొత్తలో చావు ఆలోచనలు పెరిగే అవకాశం కొద్దిగా ఉంది. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2004లో పిల్లల విషయంలో ఈ హెచ్చరిక చేసి, 2007లో 24 ఏళ్ల వరకు పొడిగించింది. అందుకని మందు మానేయడం కాదు, దగ్గరగా కనిపెట్టుకుని ఉండటం అవసరం. మొదటి నెల వారం వారం రమ్మన్నాం.

తండ్రి భయాలు వేరు. అలవాటు పడిపోతాడా, జీవితాంతం వాడాలా, రేపు సంబంధాలు చూసేటప్పుడు ఎవరికైనా తెలిస్తే? నిద్రమాత్రల్లా అలవాటు పడే మందు కాదు, అయితే డాక్టరు చెప్పకుండా ఉన్నట్టుండి ఆపకూడదు, పెళ్లికి ఇంకా చాలా టైముంది అని చెప్పాను. తల్లి కోటప్పకొండకు మొక్కుకుంది. "మొక్కు తీర్చుకోండమ్మా, మాత్ర మాత్రం మాన్పించొద్దు" అన్నాను. మొక్కుకూ మాత్రకూ తగాదా పెడితే ఓడేది మాత్రే.

నలుగురితో కలవమని చెప్పలేదు

ఇలాంటి పిల్లలకు లెక్చరర్లు, చుట్టాలు, ఆఖరికి కొందరు కౌన్సెలర్లు కూడా ఇచ్చే సలహా "నలుగురితో కలువు" అని. కలవగలిగితే నా దాకా ఎందుకొస్తాడు? మొదటి వారాల్లో నేను స్నేహాల ఊసే ఎత్తలేదు. ఎన్నింటికి పడుకున్నా ఏడుకు లేవాలి, అంతే. ఫోన్ చార్జింగ్ దిండు దగ్గర కాకుండా తలుపు పక్క ప్లగ్గులో. అలారం ఆపాలంటే మంచం దిగాల్సిందే.

తర్వాత క్లాసు. మధ్యలో వెళ్తే అందరూ చూస్తారన్న భయం ఉంది కదా. ఎంతమంది చూస్తారు అని అడిగితే "క్లాసంతా, అరవై మంది" అన్నాడు. కావాలనే ఆలస్యంగా వెళ్లి లెక్కపెట్టి రమ్మన్నాను. వారం తర్వాత వచ్చి, "ఐదుగురు మేడమ్" అన్నాడు.

"ఎంతసేపు?"

"కూర్చునేదాకా. తర్వాత ఫోన్లు చూసుకున్నారు."

సూర్యలంక సంగతి ఇంత తేలిగ్గా తేలలేదు. "కావాలనే నన్ను వదిలేశారు" అన్నది అతనికి రుజువైపోయిన విషయం. మాత్ర పని మొదలుపెట్టాక, డిసెంబరులో, సేఫ్టీ ప్లాన్‌లో పేరు రాసుకున్న అబ్బాయిని ఒకసారి అడిగాడు. రూమ్ గ్రూపులో మెసేజ్ పెట్టామని, రిప్లై రాకపోతే ఇంటికి వెళ్తున్నాడేమో అనుకున్నామని ఆ అబ్బాయి చెప్పాడు. గ్రూపును మ్యూట్‌లో పెట్టిన సంగతి ఇతనికే గుర్తులేదు. ఇక్కడితో కథ సుఖాంతం అనుకోవచ్చు గానీ, కాదు. గదిలో ఇంకొకడికి ఇతనంటే నిజంగానే గిట్టదు. "వాడొస్తే మూడ్ పాడవుద్దిరా" అని అనడం ఇతను తన చెవులతో విన్నాడు. అన్నీ నీ ఊహలే అని నేను కొట్టిపారేసి ఉంటే అక్కడితో నా మీద నమ్మకం పోయేది. ముగ్గురిలో ఒకడికి నువ్వంటే ఇష్టం లేదు, ఒకడు పిలిస్తే వస్తాడు, మూడోవాడు ఎవరితోనూ పెద్దగా మాట్లాడడు. మూడు నెలలుగా ఈ ముగ్గురినీ కలిపి "వాళ్లు" అంటున్నావు, విడివిడిగా చూద్దామా అన్నాను. ఆ రోజు నుంచి "వాళ్లు" అనడం తగ్గించి పేర్లు పెట్టి మాట్లాడటం మొదలుపెట్టాడు. మెస్‌కు ఎనిమిదింటి రద్దీలోనే వెళ్లాలి, ఆ రెండోవాడి పక్కన కూర్చోవాలి, మాట్లాడకపోయినా ఫర్వాలేదు అన్నది ఆ వారం పని.

తల్లిదండ్రులకు కూడా ఒక పని అప్పగించాను. ఫోన్‌లో "తిన్నావా, చదువుతున్నావా" అని అడగొద్దన్నాను. వాటికి "ఆ" అంటే సరిపోతుంది. "ఇవాళ మెస్‌లో ఏం కూర? ఎవరి పక్కన కూర్చున్నావు?" అని అడగమన్నాను. తమ సంగతులు కూడా చెప్పమన్నాను. బాకీల విషయం కొడుక్కి తెలియకూడదని తండ్రి దాస్తున్నాడు. తెలియనప్పుడు పిల్లలు అసలు కంటే పెద్ద అంకె ఊహించుకుంటారు. తండ్రి ఎంత అప్పుందో చెప్పాడు. అతను అనుకున్నదానిలో సగం కూడా లేదు.

పడిపోయిన జనవరి

డిసెంబరు చివరికి పీహెచ్‌క్యూ 11కు దిగింది. సెమిస్టర్ ఫలితాల్లో మరో సబ్జెక్టు పోయింది. సంక్రాంతికి ఇంటికి వెళ్లి బాగానే ఉన్నట్టు కనిపించి, హాస్టల్‌కు తిరిగొచ్చాక మళ్లీ గోడ వైపు తిరిగాడు. అపాయింట్‌మెంట్‌కు రాలేదు, ఫోన్ ఎత్తలేదు. ఒప్పందం ప్రకారం గదిలో అబ్బాయికి ఫోన్ చేశాను. అతను టెర్రస్ మీదకు వెళ్లి, "రేయ్, మీ మేడమ్‌రా, మాట్లాడు" అని ఫోన్ చేతికిచ్చాడు. అటు నుంచి ఏడుపు. ప్రణాళిక ఏమీ లేదని తేల్చుకున్నాక మర్నాడే రమ్మన్నాను, అక్క తోడొచ్చింది. అంకె 15కు పెరిగింది. సైకియాట్రిస్ట్ మోతాదు మార్చలేదు, మధ్యలో మాత్రలు మానేశాడని తేలింది కాబట్టి. మళ్లీ ఏడు గంటల అలారం దగ్గర్నుంచే మొదలుపెట్టాం.

ఆ గదిలో అబ్బాయి గురించి ఒక మాట. టెర్రస్ మీద చూసింది అతను ఎవరికీ చెప్పలేదు. రెండు రోజుల తర్వాత "టీ తాగుదాం రా" అని బయటికి తీసుకెళ్లాడట. ఇతను సేఫ్టీ ప్లాన్‌లో పేరు రాసేటప్పుడు ఆ కుర్రాడు తనకు స్నేహితుడని అనుకోనేలేదు.

ప్రభ

అన్ని నెలల్లో అతని ముఖం వెలిగింది ఒక్క విషయం మాట్లాడినప్పుడే. మహాశివరాత్రికి కోటప్పకొండ తిరునాళ్లకు ఆ చుట్టుపక్కల ఊళ్లు ప్రభలు, అంటే గోపురంలా నిలబెట్టే ఎత్తైన అలంకార కట్టడాలు, కడతాయి. కొన్ని ఎనభై, తొంభై అడుగుల ఎత్తు దాటతాయి, ఒళ్లంతా కరెంటు దీపాలు. వాళ్ల ఊరు కూడా కడుతుంది. ఎనిమిది, తొమ్మిది తరగతుల్లో ఉన్నప్పుడు ఇతను లైటింగ్ చేసే అన్నల వెంట తిరిగి సీరియల్ సెట్లు టెస్ట్ చేసేవాడు. ఏ బల్బు దగ్గర లైను తెగిందో పట్టుకోవడంలో దిట్ట. ఇంటర్ రెండేళ్లూ పంపలేదు, బీటెక్ మొదటి ఏడాది మిడ్స్ అడ్డొచ్చాయి.

ఈసారి శివరాత్రికి ముందు శని, ఆదివారాలు ఊళ్లో ప్రభ పనికి వెళ్లాలని నేనే పెట్టాను. తండ్రి ససేమిరా అన్నాడు. అసలే మూడు సబ్జెక్టులున్నాయి, ఇప్పుడు ప్రభలేమిటండీ అని. అప్పుడు కాస్త గట్టిగానే చెప్పాల్సి వచ్చింది: ఇది సెలవు కాదు, మందులో భాగం.

వెళ్లాడు. తిరిగొచ్చి అరగంట చెప్పాడు. సెట్లు ఈ మధ్య అన్నీ ఎల్ఈడీలట, పాత పద్ధతిలో వెతికితే దొరకదట. చేతి మీద సోల్డరింగ్ ఐరన్ కాలిన మచ్చ చూపించాడు. ఎలా ఉన్నావు, ఎందుకు చిక్కిపోయావు అని అక్కడ ఎవరూ అడగలేదు. "ఒరేయ్, ఆ టెస్టరిటివ్వు", "పైన ఎర్ర సెట్టు పోయింది చూడు", రాత్రి పదకొండింటికి అందరికీ ఒకే గిన్నెలో పులిహోర. నిద్ర బాగా పట్టిందని వేరే చెప్పనక్కర్లేదు.

ఒంటరితనం తగ్గించే పద్ధతుల మీద కాసియోపో బృందం 2011లో ఒక సమీక్ష ప్రచురించింది. మాటతీరు నేర్పడం, తోడు ఏర్పాటు చేయడం, నలుగురు కలిసే అవకాశాలు పెంచడం, ఎదుటివాళ్ల గురించిన తప్పుడు ఊహలను సరిచేయడం అని నాలుగు రకాలు పోల్చి చూస్తే, చివరిదే ఎక్కువ ఫలితమిచ్చిందని తేలింది. ఐదుగురే చూశారన్న లెక్క, పేర్లు పెట్టి మాట్లాడటం, ఆ కోవలోవే. నా అనుభవంలో మాత్రం ఊహలు సరిచేసిన చోట చేతికి పని కూడా దొరకాలి. ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకోమంటే ఈ పిల్లలకు చెమటలు పడతాయి. పక్కపక్కన నిలబడి ఒకే వైరు పట్టుకోమంటే మాటలు వాటంతటవే వస్తాయి.

శివరాత్రితో ప్రభ అయిపోతుంది కాబట్టి కాలేజీలో అలాంటిది వెతకాలి. మార్చిలో యాన్యువల్ డే. స్టేజీ లైటింగ్ చూసే ఈఈఈ సీనియర్‌ను కలిసి పని అడిగాడు. కాలేజీలో చేరాక అతనంతట అతను వెళ్లి ఒకరిని పలకరించడం అదే మొదటిసారి. అప్పటి నుంచి వారంలో రెండు సాయంత్రాలు వాళ్ల ల్యాబ్‌లో ఉంటున్నాడు.

కాలేజీతో

చాలా ఇంజినీరింగ్ కాలేజీల్లో లాగే ఇక్కడా 75 శాతం అటెండెన్స్ ఉండాలి. 65 నుంచి 75 మధ్య ఉంటే మెడికల్ సర్టిఫికెట్ ఇచ్చి, ఫీజు కట్టి కండోనేషన్, అంటే ఆ లోటుకు మినహాయింపు, తీసుకోవచ్చు. నవంబరులో 61 దగ్గర ఉన్నవాడు సెమిస్టర్ ముగిసేసరికి 67కు చేరాడు. సర్టిఫికెట్‌లో సైకియాట్రిస్ట్ "చికిత్సలో ఉన్నాడు" అని మాత్రమే రాశారు. "ఏం జబ్బు మేడమ్?" అని అక్కడి నుంచి నాకు ఫోన్ వచ్చింది. చెప్పలేదు. రెండోసారీ అడిగారు, రెండోసారీ చెప్పలేదు.

ఆ కాలేజీలో కౌన్సెలింగ్ గది ఉందట. ప్రిన్సిపాల్ గది పక్కనే, గ్లాసు తలుపుతో. లోపల ఎవరున్నారో కారిడార్‌లో పోయేవాళ్లందరికీ కనిపిస్తుంది. విశాఖపట్నంలో ఒక విద్యార్థిని మృతికి సంబంధించిన కేసులో సుప్రీంకోర్టు 2025 జులైలో తీర్పిస్తూ, వంద మంది, అంతకంటే ఎక్కువ విద్యార్థులున్న విద్యాసంస్థలు అర్హత గల కౌన్సెలర్‌ను కనీసం ఒకరినైనా పెట్టుకోవాలని చెప్పింది. మంచిదే. ఆ కౌన్సెలర్‌ను గ్లాసు తలుపు వెనక కూర్చోబెడితే ఫైల్లో లెక్క సరిపోతుంది, పిల్లలు రారు.

ప్రస్తుతం

జూన్‌లో పీహెచ్‌క్యూ 6, జీఏడీ 5. గ్యాస్ మాత్రను ఫిబ్రవరిలోనే ఫిజీషియన్ ఆపేశారు. ఒంటరితనం స్కేలు మాత్రం 59 నుంచి 46కే వచ్చింది. కుంగుబాటు తగ్గినంత త్వరగా ఒంటరితనం తగ్గదు. సంబంధాలు కుదురుకోవడానికి ఎదుటి మనిషి కూడా కావాలి కదా, అది మాత్రతో వచ్చేది కాదు. పాత సబ్జెక్టుల్లో ఒకటి పాసయ్యాడు, రెండు సప్లీలు ఉన్నాయి. పూర్తిగా కోలుకున్నాక కూడా ఆరు నుంచి తొమ్మిది నెలలు మాత్ర వాడాలని, తర్వాతే మెల్లగా తగ్గించాలని సైకియాట్రిస్ట్ చెప్పారు. తండ్రి మాత్రం వచ్చినప్పుడల్లా "ఎప్పుడు ఆపుదామండీ?" అని అడుగుతూనే ఉన్నాడు.

గదిలో గిట్టనివాడు ఇప్పటికీ గిట్టనివాడే. మూడో సంవత్సరానికి గది మారాలా, అదే గదిలో ఉండాలా అన్నది అతను తేల్చుకోవాలి. మారితే టీకి పిలిచే అబ్బాయి కూడా దూరమవుతాడు. నేను ఏదీ చెప్పలేదు. హాస్టల్ ఫీజు కట్టడానికి ఈ నెలాఖరు వరకు గడువుంది. వచ్చే శనివారం దాని గురించే మాట్లాడుకోబోతున్నాం.